కాగితం మిల్లులో వెనక్కి నడిచే పనితనం (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

పల్ప్, పేపర్ టెక్నాలజీ చదువు ముగించుకుని కొద్ది నెలల్లో మిల్లుల్లో అడుగుపెట్టబోతున్నవాళ్లు మీలో ఎక్కువమంది ఉన్నారని చెప్పారు. ముందు వరసలో మేనేజర్లు, షిఫ్ట్ ఇన్‌చార్జులు కూడా కనిపిస్తున్నారు. యంత్రాల గురించి, రసాయనాల గురించి మీకు తరగతుల్లో కావలసినంత చెప్పే ఉంటారు. నేను వాటిని నడిపే మనిషి పనితనం గురించి మాట్లాడతాను. నా ఉద్యోగమంతా పేపర్ మెషీన్ల పక్కనే గడిచింది. నాకు గట్టిగా అనిపించేది ఒక్కటే. కాగితం మిల్లులో తప్పు ఒకచోట జరుగుతుంది. గంట తర్వాతో, మరుసటి షిఫ్టులోనో ఇంకోచోట బయటపడుతుంది. బయటపడ్డచోటు నుంచి వెనక్కి నడిచి అది మొదలైనచోటుకి చేరుకోగలగడమే ఈ పరిశ్రమలో అసలు నైపుణ్యం.

ముందుగా ఒక పాత సంగతి. చేత్తో కాగితం చేసే రోజుల్లో యూరప్ మిల్లుల్లో తొట్టి దగ్గర ముగ్గురు పనిచేసేవారు. ఒకాయన జల్లెడ అచ్చును గుజ్జు తొట్టిలో ముంచి పైకి తీసేవాడు. రెండో ఆయన ఆ తడి షీటును ఉన్ని ఫెల్ట్ మీదకు దించేవాడు. ప్రెస్ చేశాక షీట్లను విడదీసి పేర్చేవాడు మూడో ఆయన. అచ్చును పైకి తీసిన క్షణంలో మొదటాయన దాన్ని ముందుకీ వెనక్కీ, కుడికీ ఎడమకీ ఓ పద్ధతిలో ఊపేవాడు. పీచు ఒకదానిమీద ఒకటి అల్లుకుని కాగితానికి నాలుగువైపులా బలం రావాలంటే ఆ ఊపు కుదరాలి. అది చేతికి రావడానికి ఏళ్లు పట్టేది.

1799లో ఫ్రాన్స్‌లో లూయీ-నికొలా రొబేర్ కాగితాన్ని ఆగకుండా తయారుచేసే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. అతను పనిచేసిన మిల్లులో యాజమాన్యానికీ పనివాళ్లకీ ఎప్పుడూ తగాదాలే. ఆ పనివాళ్ల మీద ఆధారపడకుండా కాగితం తీయాలన్న పట్టుదలే అతన్ని యంత్రం వైపు నడిపించింది. ఆ ఆలోచన ఇంగ్లండ్ చేరింది. ఫోర్డ్రినియర్ సోదరులు డబ్బు పెట్టారు, బ్రయన్ డాంకిన్ అనే ఇంజినీరు దాన్ని నడిచే యంత్రంగా మలిచాడు. 1810 నాటికి ఆ సోదరులు దివాలా తీశారు గానీ, వాళ్ల పేరు మాత్రం ఇవాళ్టికీ మెషీన్ మీద నిలిచి ఉంది. ఇంకో విషయం చూడండి. తొట్టి దగ్గరి మనిషి చేతిలో ఉన్న ఆ ఊపును కూడా యంత్రంలోకి తెచ్చుకోవలసి వచ్చింది. ఇప్పటికీ కొన్ని మెషీన్లలో వైర్ (గుజ్జును మోస్తూ తిరిగే జల్లెడ పట్టీ) మొదట్లో ఉండే బ్రెస్ట్ రోల్‌ను అటూ ఇటూ కదిలించే షేకర్ ఉంటుంది. పనివాళ్లను తప్పిద్దామని పుట్టిన యంత్రం పనివాడి చేతివాటాన్నే నేర్చుకోవలసి వచ్చింది. నైపుణ్యం మనిషిలోంచి యంత్రంలోకి వెళ్లినప్పుడల్లా, ఆ యంత్రాన్ని అర్థం చేసుకునే మనిషి మరో కొత్త నైపుణ్యం నేర్చుకోవలసి వచ్చింది. ఈ రెండు వందల ఏళ్లూ అదే జరుగుతూ వచ్చింది.

ఇప్పుడు మెషీన్ దగ్గరికి వద్దాం. గుజ్జును వెడల్పంతా సమంగా వదిలే హెడ్‌బాక్స్‌లోంచి వైర్ మీదకు దూకేది కాగితం అనుకుంటాం. నిజానికి అందులో 99 శాతం నీళ్లే. పీచు అర శాతం నుంచి ఒక శాతం వరకే ఉంటుంది. వైర్ చివరికొచ్చేసరికి షీట్‌లో గట్టి పదార్థం 20 శాతం దాకా పెరుగుతుంది. ప్రెస్‌లు దాటేసరికి 40 నుంచి 50 శాతం. మిగిలిన నీటిని డ్రయర్లు ఆవిరి ఖర్చుతో ఎగరగొడతాయి. వైర్ మీద నీళ్లు వాటంతటవే దిగిపోతాయి, ప్రెస్‌లో పిండితే పోతాయి, డ్రయర్ దగ్గర మాత్రం ప్రతి లీటరుకీ ఇంధనం కాలాలి. ప్రెస్ దగ్గర ఒక శాతం ఎక్కువ పొడి సాధిస్తే డ్రయర్‌లో సుమారు 4 శాతం ఆవిరి మిగులుతుందని మా రంగంలో ఒక లెక్క ఉంది. మిల్లు విద్యుత్తు, ఆవిరి బిల్లులు చూసి బెంబేలెత్తే మేనేజర్లు ముందు ప్రెస్ ఫెల్ట్‌ల (షీట్‌లోని నీటిని పీల్చే మందపాటి బట్టల) దగ్గరికి వెళ్లి చూడాలి. ఫెల్ట్ పూడుకుపోతే ఆ నష్టం ఆవిరి మీటరు దగ్గర కనిపిస్తుంది. చాలామంది డ్రయర్లలోనే వెతుకుతూ ఉండిపోతారు.

వేగం సంగతి కూడా చెప్పాలి. నిమిషానికి 1500 మీటర్ల వేగంతో నడుస్తున్న మెషీన్ తీసుకోండి. అంటే గంటకు 90 కిలోమీటర్లు. వెడల్పు 8 మీటర్లు, కాగితం 80 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకు 80 గ్రాములు, అనుకుంటే నిమిషానికి 960 కిలోల కాగితం వస్తోందన్నమాట. ఒక్క బ్రేక్ పడి, అంటే షీట్ తెగి, ఇరవై నిమిషాలు ఆగితే 19 టన్నుల పైచిలుకు ఉత్పత్తి పోయినట్టే. తెగినంతసేపూ వచ్చిన షీట్ బ్రోక్‌గా, అంటే పనికిరాని కాగితంగా, మళ్లీ గుజ్జు చేసే పల్పర్‌లోకి వెళ్తుంది. దాన్ని మళ్లీ కలపాలి, మళ్లీ శుభ్రం చేయాలి. ఇంత టెన్షన్ మధ్య సిబ్బంది మొదట చేసే పని టెయిల్ (షీట్ అంచు నుంచి తీసే సన్నని పట్టీ) పట్టుకుని మళ్లీ ఎక్కించడం. షీట్ ఎక్కగానే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. మంచి సిబ్బంది మాత్రం ఆ తెగిన ముక్కను పారేయనివ్వరు.

ఆ ముక్క దగ్గర కాసేపు ఆగుదాం. తెగినచోట చిన్న చిల్లు ఉందనుకోండి. దాని అంచు వేలికి జిగురుగా తగులుతూ, కొంచెం పారదర్శకంగా, కుళ్లు వాసనతో ఉంటే అది స్లైమ్. వైర్ కిందికి దిగి మళ్లీ వాడుకునే బ్యాక్ వాటర్‌లో పెరిగిన సూక్ష్మజీవుల పొర ఎక్కడో పైపు గోడ మీంచి ఊడిపడింది. అంచు మెరుస్తూ, పక్క పొరకు అతుక్కుపోతూ ఉంటే అది స్టిక్కీ. పాత కాగితంతో పాటు వచ్చిన టేపు, లేబుల్, పుస్తకాల బైండింగ్‌లలోని జిగురు. చిల్లు గుండ్రంగా, చుట్టూ పల్చబడి ఉంటే పైనుంచి నీటి చుక్క పడి ఉంటుంది. అప్పుడు వెట్ ఎండ్ (మెషీన్ తడి భాగం) మీది కప్పును, షవర్ పైపులను చూడాలి. తెగడం ఎప్పుడూ ఒకే అంచు నుంచి మొదలవుతుంటే ఆ అంచును కోసే నీటి జెట్, ఆ పక్క తేమ, డెకిల్ (షీట్ అంచును పట్టి ఉంచే గట్టు) చూడాలి. నాలుగు కారణాలు, నాలుగు వేర్వేరు చోట్లు. కెమెరాలు ఇప్పుడు బ్రేక్‌ను నెమ్మదిగా తిప్పి చూపిస్తాయి, అది గొప్ప సాయం. కానీ ఆ జిగురును వేలితో ముట్టుకుని, వాసన చూసి, ల్యాబ్‌కు పంపి, రిజిస్టర్‌లో రాసేది మనిషే. పని తొందరలో ముక్కను పల్పర్‌లోకి తోసేసిన సిబ్బంది అదే బ్రేక్‌ను రాత్రి షిఫ్టులో మళ్లీ చూస్తారు.

అలాగే డ్రై లైన్. వైర్ మీద గుజ్జు తడిగా మెరుస్తూ వెళ్తుంటుంది. కొంత దూరం పోయాక ఆ మెరుపు ఒక గీత గీసినట్టు ఆగిపోతుంది. నీటి పొర షీటు లోపలికి దిగిపోయిన చోటది. అనుభవమున్న మెషీన్‌మ్యాన్ అటు నడిచి వెళ్తూనే ఆ గీత మీద ఓ కన్ను వేస్తాడు. గీత మామూలు చోటు కంటే వైర్ చివర ఉండే కౌచ్ రోల్ వైపు జరిగిందంటే నీరు దిగడం మందగించింది. పీచును నూరే రిఫైనర్ మీద లోడు ఎక్కువై గుజ్జు మెత్తబడి ఉండొచ్చు. స్టాక్ (నీళ్లు కలిసిన గుజ్జు) చల్లబడి ఉండొచ్చు, ఎందుకంటే చల్లని నీరు చిక్కగా ఉండి మెల్లగా దిగుతుంది. వ్యాక్యూమ్ తగ్గి ఉండొచ్చు. బ్రోక్ మోతాదు మారి ఉండొచ్చు. గీత వంకరగా ఉంటే హెడ్‌బాక్స్ పెదవి దగ్గర గుజ్జు అడ్డంగా సమానంగా పడడం లేదు. ఇదంతా స్కానర్‌లో తేమ లెక్కగా తెర మీదకు వస్తుంది, నిజమే. కానీ స్కానర్ మెషీన్ అవతలి కొసన ఉంటుంది. గీత ఇక్కడే, ఇప్పుడే చెబుతుంది.

ఇంకాస్త వెనక్కి నడుద్దాం, మెషీన్ దాటి గుజ్జు వండే డైజెస్టర్ దాకా. కలపలో దాదాపు సగం సెల్యులోజ్. పీచును అంటిపెట్టుకుని ఉండే లిగ్నిన్ జాతిని బట్టి 20 నుంచి 30 శాతం ఉంటుంది. క్రాఫ్ట్ పద్ధతిలో సోడియం హైడ్రాక్సైడ్, సోడియం సల్ఫైడ్ కలిసిన వైట్ లిక్కర్‌లో చిప్స్‌ను (కలప ముక్కలను) 160 నుంచి 170 డిగ్రీల వేడిలో ఉడికిస్తాం. లిగ్నిన్ కరిగిపోయి పీచు విడిపోతుంది. ఎంత లిగ్నిన్ మిగిలిందో కప్పా నంబర్ చెబుతుంది. ఇక్కడ ఒక ఉదాహరణ తీసుకోండి. చిప్స్‌ను బరువు లెక్కన వేసే మిల్లు. రాత్రంతా వాన పడి చిప్స్ తడిసిపోయాయి. తూకం అంతే ఉంది, కానీ అందులో ఎండు కలప తగ్గింది. తేమను కొలిచి సరిచేయకపోతే ఉన్న కొద్దిపాటి కలపకు క్షారం ఎక్కువ పడుతుంది. గుజ్జు అతిగా ఉడుకుతుంది, కప్పా పడిపోతుంది, పీచు బలం తగ్గుతుంది. ఆ గుజ్జు స్టోరేజ్ టవర్‌లో కొన్ని గంటలు ఉండి మెషీన్‌కు చేరేసరికి షిఫ్టు మారిపోతుంది. ఏమీ మార్చని సిబ్బంది చేతిలో షీట్ తెగడం మొదలవుతుంది. టేర్ (చిరగకుండా నిలిచే బలం) రీడింగ్ తగ్గింది చూడమని ల్యాబ్ అంటుంది. రిఫైనింగ్ పెంచేస్తే ఇంకా చెడిపోతుంది. చిప్ యార్డులో పనిచేసేవాడికి ఇదంతా తెలిసి ఉంటే, వాన పడ్డ రాత్రే డైజెస్టర్ ఆపరేటర్‌కు ఫోన్ చేస్తాడు.

అందుకే చిప్ యార్డు, కలప యార్డు పనిని నైపుణ్యం అక్కరలేని పనిగా లెక్కగట్టడం నాకు ససేమిరా నచ్చదు. చిప్పర్ కత్తులు మొద్దుబారితే చిప్స్ మందం హెచ్చుతగ్గులవుతుంది. మందమైన చిప్ లోపలిదాకా లిక్కర్ ఎక్కక పచ్చి ముద్దలు మిగులుతాయి, పల్చనిది మరీ ఉడికిపోతుంది. కత్తి మార్చాల్సిన సమయాన్ని చిప్స్ కుప్పను చేత్తో తిరగేసి చెప్పగలిగేవాళ్లు మిల్లుకు లక్షలు మిగులుస్తారు. వాళ్ల జీతం స్లిప్పు మీద మాత్రం అన్‌స్కిల్డ్ అని ఉంటుంది.

పాత కాగితం నుంచి గుజ్జు చేసే మిల్లులకు కూడా ఈ మాట వర్తిస్తుంది. ప్రపంచంలో ఏటా తయారయ్యే కాగితం, అట్ట కలిపి దాదాపు 40 కోట్ల టన్నులు. అందులో సగానికి పైగా ప్యాకింగ్‌కే పోతోంది. ముడిసరుకులో పాత కాగితం వాటా చాలా పెద్దది. ప్రతిసారీ నీళ్లలో నానబెట్టి, కలియదిప్పి, ఆరబెట్టేసరికి పీచు కురచబడుతుంది, బిరుసెక్కుతుంది. అయిదారుసార్ల తర్వాత అది వల గుండా నీళ్లతో జారిపోయేంత చిన్నదవుతుంది. బేల్ (పాత కాగితం కట్ట) విప్పి చూసి ఇందులో ఏ రకం అట్ట ఎంత, తేమ ఎంత, ప్లాస్టిక్ పొర ఉన్న కప్పులు ఎన్ని అని చెప్పగలిగే మనిషి మిల్లు గేటు దగ్గరే సగం స్టిక్కీ సమస్యను ఆపేస్తాడు.

ఇప్పుడు కంట్రోల్ రూమ్. ఒకప్పుడు ఆపరేటర్లు గుజ్జును పిడికిట్లో పిండి, ఫ్రీనెస్ (నీరు ఎంత తేలిగ్గా దిగుతుందో) చెప్పేవాళ్లు. రీల్ (మెషీన్ చివర కాగితం చుట్ట) మీద కర్రతో ఈ కొస నుంచి ఆ కొస దాకా తట్టుకుంటూ వెళ్లి, ఎక్కడ శబ్దం బోలుగా మారితే అక్కడ మందం తేడా ఉందని పట్టుకునేవాళ్లు. బేరింగ్ మీద రాడ్ ఆనించి చెవి పెట్టేవాళ్లు. 1970ల మధ్య నుంచి డీసీఎస్‌లు, అంటే మిల్లును తెర మీంచి నడిపే కంప్యూటర్ వ్యవస్థలు, వచ్చాయి. జీఎస్‌ఎం, తేమ, మందం కొలిచే స్కానర్లు వచ్చాయి. ఆపరేటర్లు యంత్రం పక్క నుంచి గాజు గోడ వెనక్కి, చల్లని గదిలోకి వెళ్లారు. వినికిడి, ఊపిరితిత్తులు దెబ్బతినడం తగ్గింది. నాణ్యత స్థిరపడింది. నేను దాన్ని మనస్ఫూర్తిగా స్వాగతించేవాణ్ని. పాత పద్ధతులే గొప్పవని చెప్పడానికి రాలేదు.

కానీ ఒక చిక్కుంది. ఆటోమేషన్ ఎంత బాగుంటే ఆపరేటర్ చేయి పెట్టే సందర్భాలు అంత తగ్గుతాయి. చేయి పెట్టే సందర్భాలు తగ్గేకొద్దీ అతని అలవాటు సడలుతుంది. అంతా బాగున్నప్పుడు అతని అవసరం ఉండదు. ఆటోమేటిక్ కంట్రోల్ లూపులన్నీ చేతులెత్తేసినప్పుడు మాత్రం అందరూ అతనివైపే చూస్తారు. పవర్ పోయి వచ్చినప్పుడు తెర మీద వందల అలారాలు ఒక్కసారిగా మోగుతాయి. వాటిలో మొదటిది ఏది, మిగతావి దాని వెంట పుట్టినవి ఏవి అని తేల్చడానికి డయాగ్రామ్ బుర్రలో ఉండాలి. కన్సిస్టెన్సీ (గుజ్జులో పీచు శాతం) ట్రాన్స్‌మిటర్ 3.5 అని చూపిస్తోందనుకోండి. తెర ఆ అంకెను చూపిస్తుంది, నిజమో కాదో చెప్పదు. సెన్సర్ మీద పీచు పేరుకుని ఉండొచ్చు. పంపు ఆంపియర్లు ఒకవైపు, వాల్వు తెరుచుకున్న శాతం ఇంకోవైపు చూసి, ఆ మూడూ పొసగడం లేదని గుర్తించి, శాంపిల్ తెచ్చి ఆరబెట్టి తూచమనేవాడే నా దృష్టిలో పనిమంతుడు. పైపు ఎటు పోతుందో నడిచి చూడని మనిషికి ఈ అనుమానమే రాదు. అందుకని షిఫ్టులో కనీసం రెండుసార్లు కంట్రోల్ రూమ్ వదిలి లైన్ మీద నడవాలని నియమం పెట్టుకున్న మిల్లులంటే నాకు గౌరవం.

భద్రత గురించి కాస్త ఎక్కువసేపే మాట్లాడతాను. దాన్ని వేరే సబ్జెక్టుగా చూడకండి. ఇది కూడా వెనక్కి నడిచే పనితనమే.

వండిన గుజ్జు కడగగా వచ్చే బ్లాక్ లిక్కర్‌లో లిగ్నిన్, వాడేసిన రసాయనాలు ఉంటాయి. దాన్ని ఆవిరి చేసి చిక్కబరచి రికవరీ బాయిలర్‌లో కాలుస్తాం. లిగ్నిన్ మండి ఆవిరి, కరెంటు ఇస్తుంది. రసాయనం ఎర్రగా కరిగిన స్మెల్ట్‌గా అడుగున పేరుకుంటుంది. దాన్ని నీళ్లలో కరిగిస్తే గ్రీన్ లిక్కర్, సున్నంతో చర్య జరిపితే మళ్లీ వైట్ లిక్కర్. వంట రసాయనాల్లో 95 శాతానికి పైగా ఇలా తిరిగొస్తాయి. ఈ చక్రం లేకపోతే క్రాఫ్ట్ పరిశ్రమే నిలబడేది కాదు. అయితే ఫర్నేస్ అడుగున 800 డిగ్రీలు దాటిన స్మెల్ట్, చుట్టూ గోడల్లో పీడనంతో నీళ్లున్న ట్యూబులు. ఒక ట్యూబు చిల్లిపడి నీళ్లు స్మెల్ట్‌ను తాకితే నీరు కన్నుమూసి తెరిచేలోగా ఆవిరై బాయిలర్‌నే పేల్చేస్తుంది. అందుకే ఎమర్జెన్సీ షట్‌డౌన్ పద్ధతి ఉంది. ఇంధనం ఆపాలి, మనుషుల్ని బయటికి పంపాలి, బాయిలర్ నీటిని నిర్ణీత మట్టం దాకా వేగంగా వదిలేయాలి. ఆ బటన్ నొక్కితే రోజుల తరబడి ఉత్పత్తి పోతుంది. నొక్కాల్సింది మాత్రం షిఫ్టులో ఉన్న ఆపరేటరే, అదీ నిమిషాల్లో. ఫీడ్ వాటర్‌కీ ఆవిరికీ మధ్య లెక్క తేడా వస్తోందా, ఫర్నేస్ డ్రాఫ్ట్ (గాలి లాగుడు) ఎందుకు ఊగుతోంది, ఎక్కడో బుసకొట్టే శబ్దం వినిపించిందా అన్నవి కలిపి చూసి నిర్ణయించాలి. మేనేజర్లకు నా మనవి: అనుమానంతో బటన్ నొక్కాడు, తర్వాత చూస్తే లీకు లేదు అనుకుందాం. ఆ ఆపరేటర్‌ను మందలించారంటే, మరుసటిసారి నిజమైన లీకు వచ్చినప్పుడు అతను నొక్కడు. ఈ నైపుణ్యంలో సగం తెలివి, మిగతా సగం యాజమాన్యం ఇచ్చే ధైర్యం.

వాయువుల సంగతి. క్రాఫ్ట్ మిల్లు దగ్గర కుళ్లిన గుడ్ల వాసన వస్తుందని అందరికీ తెలుసు. హైడ్రోజన్ సల్ఫైడ్ చాలా తక్కువ మోతాదులోనే ముక్కుకు తెలుస్తుంది. కానీ 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో వంద) దగ్గర కొద్ది నిమిషాల్లోనే ముక్కు మొద్దుబారిపోతుంది. వాసన ఆగిపోతే గ్యాస్ పోయిందని అనుకుంటాం, అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. మీటరు జేబులో కాదు, ఛాతీ మీద, ఆన్‌లో ఉండాలి. 2002 జనవరిలో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో ఒక పల్ప్ మిల్లులో సోడియం హైడ్రోసల్ఫైడ్ ఒలికి మురుగు కాలువలోకి పోయింది. అదే కాలువలోకి వేరేచోటు నుంచి ఆమ్లం వస్తోంది. రెండూ కలిసి హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టి, దగ్గరలో పనిచేస్తున్న ఇద్దరు కాంట్రాక్టు కార్మికులు చనిపోయారు. ఒలికినచోటు వేరు, ఆమ్లం వచ్చినచోటు వేరు, మనుషులు పోయినచోటు వేరు. మీ మిల్లులో ఏ డ్రెయిన్ ఎక్కడికి వెళ్తుందో, ఏ డ్రెయిన్‌తో కలుస్తుందో గీసి చూపించమని మొదటి నెలలోనే మీ సీనియర్‌ను అడగండి.

ఇంకొకటి. ఒకప్పుడు టన్ను కాగితానికి వంద ఘనపు మీటర్లకు పైగా నీళ్లు వాడిన మిల్లులుండేవి. ఇప్పుడు మంచి మిల్లులు 10 నుంచి 20 ఘనపు మీటర్లతోనే నడుస్తున్నాయి. నదులకు ఇది మేలు, దీనికోసం కష్టపడ్డవాళ్లకు దండం పెట్టాలి. అయితే అదే నీరు మళ్లీ మళ్లీ తిరిగేసరికి వేడెక్కుతుంది, ఉప్పులు పేరుకుంటాయి, పీచు తిని బతికే బ్యాక్టీరియాకు హాయిగా ఉంటుంది. గాలి తగలని ట్యాంకు అడుగున ఆ బ్యాక్టీరియా హైడ్రోజన్‌ను కూడా పుట్టిస్తుంది. 2008 జూలైలో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం టోమహాక్‌లో నీళ్లు, పీచు వ్యర్థం నిలవ ఉన్న పెద్ద ట్యాంకు పైన వెల్డింగ్ చేస్తుండగా పేలుడు జరిగి ముగ్గురు చనిపోయారు. అక్కడి రసాయన భద్రతా బోర్డు దర్యాప్తు చేసి, బ్యాక్టీరియా పుట్టించిన హైడ్రోజన్ వల్లే అది జరిగిందని తేల్చింది. పని మొదలుపెట్టేముందు మండే వాయువు ఉందేమోనని ఎవరూ కొలవలేదు. నీళ్ల ట్యాంకే కదా అనుకున్నారు. వెల్డర్‌కు సూక్ష్మజీవుల గురించి తెలియాలని ఎవరు అనుకుంటారు? తెలియాలి. లేకపోతే పర్మిట్ (పని అనుమతి పత్రం) మీద సంతకం పెట్టేవాడికైనా తెలియాలి. వెల్డింగ్ లాంటి వేడి పని చేసే ప్రతి ట్యాంకు దగ్గరా ముందు కొలవడం, పని సాగుతున్నంతసేపూ కొలుస్తూ ఉండడం పద్ధతి కావాలి.

ఈ రెండు సంఘటనలూ చూశాక నాకు ఒక ప్రశ్న వదలదు. ప్రమాదకరమైన పనులు చాలావరకు మరమ్మతు రోజుల్లో, షట్‌డౌన్లలో జరుగుతాయి. ఆ రోజుల్లో గేటు లోపలికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది కాంట్రాక్టు మనుషులు. మిల్లు గురించి అందరికంటే తక్కువ తెలిసినవాళ్లను అందరికంటే ప్రమాదమున్న చోటికి పంపుతున్నాం. గేటు దగ్గర అరగంట వీడియో చూపించి సంతకం తీసుకుంటే అది శిక్షణ అవుతుందా? వాళ్ల వెంట మిల్లు మనిషి ఒకరు ఉండాలి. ఆ మనిషికి ఆ రోజు వేరే పని అప్పగించకూడదు.

షిఫ్టు అప్పగింతల గురించి. మిల్లు రాత్రీ పగలూ నడుస్తుంది, మనిషి ఎనిమిది గంటలకో పన్నెండు గంటలకో దిగిపోతాడు. తప్పు ఒక షిఫ్టులో మొదలై ఇంకో షిఫ్టులో బయటపడుతుందని మొదటే అన్నాను కదా. ఆ రెంటినీ కలిపేది లాగ్‌బుక్ ఒక్కటే. చాలా లాగ్‌బుక్కుల్లో కనిపించే మాట "అంతా నార్మల్". దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. మంచి రాత ఎలా ఉంటుందో చెబుతాను: "రెండో రిఫైనర్ లోడు ఉదయం కంటే ఎక్కువ తీసుకుంటోంది, ఫ్రీనెస్ మారలేదు, ప్లేట్లు అరిగి ఉండొచ్చని అనుమానం. మూడో ప్రెస్ ఫెల్ట్ ఎడమ అంచు దగ్గర తేమ గీత, షవర్ నాజిల్ ఒకటి మూసుకుపోయి ఉంది, నడుస్తుండగా తీయలేదు." ఇందులో చూసింది ఉంది, అనుమానం ఉంది, చేయనిది కూడా ఉంది. వచ్చినవాడు మొదటి పది నిమిషాల్లో ఏం చూడాలో తెలిసిపోతుంది. ఎదురుగా నిలబడి మాట్లాడుకోవడం కూడా కావాలి. ఫోన్‌లో మెసేజ్ పెట్టి వెళ్లిపోవడం అప్పగింత కాదు.

ఇక ఈ విద్య తర్వాతి తరానికి ఎలా అందుతుందన్న విషయం. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో కాగితం ఇంజినీరింగ్ బడి 1907లో మొదలైంది. అమెరికాలో టాపీ అనే సాంకేతిక సంఘం 1915లో ఏర్పడి పరీక్షా పద్ధతులను ప్రామాణికం చేసింది. అంటే పుస్తకంలోకి ఎక్కించగలిగింది చాలావరకు ఎక్కింది. ఎక్కనిది ఇంకా మనుషుల దగ్గరే ఉంది, ఆ మనుషులు రిటైరవుతున్నారు. మిల్లులు సాధారణంగా అడవుల పక్కన, నదుల పక్కన, పట్టణాలకు దూరంగా ఉంటాయి. చదువుకున్న పిల్లలు అక్కడ నిలవడం కష్టమైపోతోంది. వచ్చినవాళ్లకు సీనియర్ పక్కన నిలబడే సమయం సిబ్బంది తగ్గింపుల్లో దొరకడం లేదు. నలుగురు చేసే పని ఇద్దరికి ఇస్తే ఇద్దరూ పని చేస్తారేమో గానీ మూడోవాడికి నేర్పలేరు.

సిమ్యులేటర్లు మంచివే. డైజెస్టర్ స్టార్టప్, బాయిలర్ ట్రిప్ (తనంతట తానే ఆగిపోవడం) లాంటివి ఏడాదికి ఒకటి రెండుసార్లే వస్తాయి కాబట్టి వాటిని తెర మీద పదేపదే చేసి చూడడం అవసరం. ఒక్కొక్కరికి నాలుగు పనులు నేర్పాలన్న పద్ధతిని కూడా నేను సమర్థిస్తాను, ఒక షరతు మీద: ఒక పని లోతుగా వచ్చాకే రెండోది. పైపైన నాలుగు తెలిసినవాడు ఖాళీలు పూరించడానికి పనికొస్తాడు, బ్రేక్‌కు కారణం వెతకడానికి పనికిరాడు. మహిళల విషయం కూడా చెప్పాలి. బరువులు ఎత్తే పని చాలావరకు క్రేన్లు చేస్తున్నాయి, టెయిల్ ఎక్కించడం తాళ్లతో, గాలి జెట్‌లతో జరుగుతోంది. నడిచే రోళ్ల మధ్య చేయి పెట్టడం ఎవరికైనా నిషిద్ధమే. ఇంకా వాళ్లను ల్యాబ్‌కే పరిమితం చేయడానికి నాకు ఒక్క కారణం కూడా కనిపించడం లేదు. వాళ్లకు షిఫ్టుల్లో రవాణా, విశ్రాంతి గది, మరుగుదొడ్డి ఏర్పాటు చేయడం మిల్లుకు పెద్ద ఖర్చేం కాదు.

కొత్తగా చేరేవాళ్లకు ఒక పని చెబుతాను. చేరిన మొదటి వారాల్లో కలప యార్డు నుంచి రీల్ దాకా ఒక లైన్ పట్టుకుని నడవండి. సాయంత్రం కాగితం మీద జ్ఞాపకం నుంచి గీయండి. మర్నాడు మళ్లీ నడిచి సరిచూసుకోండి. ప్రతి ట్యాంకు దగ్గర మూడు ప్రశ్నలు రాసుకోండి: ఇందులోకి ఏం వస్తుంది, ఎంతసేపు ఉంటుంది, ఇక్కడ తేడా వస్తే మొదట ఎక్కడ కనబడుతుంది. మూడో ప్రశ్నకు జవాబు పుస్తకంలో ఉండదు. ఆ ట్యాంకు దగ్గర పదేళ్లు పనిచేసినవాళ్లను అడగాలి. వాళ్లు చెబుతారు. అడిగినవాళ్లు లేకే ఇన్నాళ్లూ చెప్పలేదు.

మేనేజర్లకు చివరిగా ఒక కోరిక. షట్‌డౌన్ వచ్చిందంటే ట్రైనీలను స్టోర్స్ నుంచి సామాను తెప్పించడానికి వాడుకుంటారు. అలా చేయకండి. ఏడాదంతా మూతపడి ఉండే హెడ్‌బాక్స్ ఆ వారంలోనే తెరుచుకుంటుంది. రిఫైనర్ ప్లేట్లు ఎలా అరిగాయో, డ్రయర్ లోపల సైఫన్ (నీటిని బయటికి లాగే గొట్టం) ఎలా ఉందో, చెస్ట్ (గుజ్జు నిలవ తొట్టి) గోడల మీద స్లైమ్ ఎంత మందాన పట్టిందో కంటితో చూడగలిగేది అప్పుడే. ఐసొలేషన్ (యంత్రాన్ని కరెంటు, పైపుల నుంచి వేరుచేయడం), గ్యాస్ పరీక్ష, పర్మిట్ అన్నీ సక్రమంగా పూర్తయ్యాక, ఒక్కో బృందానికి ఒక రిటైరవబోయే సీనియర్‌ను జతచేసి వాళ్లను తీసుకెళ్లి చూపించండి. ఆ సీనియర్ చెప్పే మాటలను ఎవరో ఒకరు రాసుకునేలా ఏర్పాటు చేయండి. వచ్చే షట్‌డౌన్ ప్లాన్‌లో ఆ గంటలకు కూడా ఒక వరస కేటాయించండి.